గోదావరీ మండలమున ఆహార్యశిల్పము: ఒక వృత్తి పరిణామము

తెలుగున నటించుటకు 'వేషము వేయుట' అని పేరు. నటుడు రంగస్థలమున ప్రవేశించిన తొలిదినమును గూర్చి చెప్పవలసివచ్చినచో 'ముఖమునకు రంగు పూసికొన్న నాడు' అందురు. ఒక పాత్ర ఒక నటునికి తగియున్నచో 'ఆ వేషము అతనికే చెల్లినది' అని మెచ్చుకొందురు. నటనకు లోకవ్యవహారమున ఏర్పడిన ఈ మాటలన్నిటియందును వాక్కునకన్న, అంగవిక్షేపమునకన్న వేషమే ముందు నిలిచినది. అయినను మన నాటకరంగ చరిత్రలను తిరుగవేసినచో కవుల పేరులు, నటుల పేరులు, సమాజముల పేరులు, పోషకుల పేరులు కనుపించును గాని, వేషమును తీర్చినవాని పేరు కనుపించుట మిక్కిలి అరుదు. భాషయందు ఇంత ప్రాముఖ్యము గలిగిన పనికి చరిత్రయందు ఇంత అప్రసిద్ధి ఎట్లు కలిగినది?

ఈ ప్రశ్నకు సమాధానమును వెదకుచు, ముఖరచన నటుని స్వకార్యముగా మొదలై క్రమముగా ప్రత్యేకవృత్తిగా ఎట్లు ఏర్పడినదో, నేడు ఆ వృత్తి నవలంబింపగోరువారికి ఏ జ్ఞానము ఆవశ్యకమో ఈ వ్యాసమున వివరింప దలచితిమి. మా పరిశీలనకు ప్రధానక్షేత్రము గోదావరీ మండలము. 2022 ఏప్రిల్ నాటి పునర్విభజనకు పూర్వమున్న తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలను ఆ పేర వ్యవహరించుచున్నాము. ముఖరచన పాత్రకు ఒక వ్యాఖ్యానమని మా సిద్ధాంతము. వ్యాఖ్యాత మూలగ్రంథమును చదువక వ్యాఖ్య వ్రాయజాలనట్లే, ఆహార్యశిల్పి పాత్రను చదువక కుంచె పట్టజాలడు.

శాస్త్రమున ఆహార్యము

భరతుడు అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా విభజించెను. నాట్యశాస్త్రమున ఆహార్యమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమే కలదు. ముద్రణభేదమునుబట్టి అది 21వ అధ్యాయముగానో 23వ అధ్యాయముగానో లభించును. అందు నేపథ్యవిధి పుస్తము, అలంకారము, అంగరచన, సజీవము అని నాలుగు తెరగులు. కొండలు, రథములు, ఆయుధములు మున్నగువానిని కృత్రిమముగా కల్పించుట పుస్తము. మాల్యములు, ఆభరణములు, వస్త్రములు ధరించుట అలంకారము. దేహమునకు రంగు పూయుట, గడ్డములు, మీసములు పాత్రోచితముగా అమర్చుట అంగరచన. ప్రాణులను రంగమునకు తెచ్చుట సజీవము. నేడు మనము 'మేకప్' అని వ్యవహరించు పని ప్రధానముగా ఈ అంగరచనయే.

అంగరచనకు తెలుపు, నీలము, పసుపు, ఎరుపు అను నాలుగు మూలవర్ణములను భరతుడు గ్రహించెను. తెలుపు పసుపు కలిసిన పాండువర్ణము, తెలుపు ఎరుపు కలిసిన పద్మవర్ణము, పసుపు నీలము కలిసిన హరితవర్ణము, ఎరుపు పసుపు కలిసిన గౌరవర్ణము ఇత్యాదిగా మిశ్రమములను చెప్పెను. రంగులపలకపై నేటి శిల్పి చేయు పనికి ఇది బీజము. పాత్రయొక్క దేశమునుబట్టి కూడ భరతుడు వర్ణనియమము చేసెను. ఆంధ్రులకు, ద్రమిడులకు, దాక్షిణాత్యులకు ప్రాయికముగా అసితవర్ణము, అనగా నల్లని చాయ, తగునని అతని మతము. ఈ నియమమును పాఠకులు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. దీని ప్రయోజనము ముందు తెలియగలదు.

నటుడే శిల్పియైన కాలము

వీధినాటకములయందును భాగవతమేళములయందును నటుడు తన ముఖమును తానే దిద్దుకొనెడివాడు. లేదా మేళములోని పెద్దలు పిన్నలకు దిద్దెడివారు. ద్రవ్యములు కొలదిగా ఉండెను. పసుపుచాయకు అరిదళము, ఎరుపునకు ఇంగిలీకము, తెలుపునకు సఫేదా, నలుపునకు కాటుక లేక దీపపు మసి. అరిదళమునే నటులు వాడుకలో 'అర్దళము' అందురు. దానిని రాతిపై మెత్తగా నూరి, తడిపి, ముఖమునకు పట్టించెడివారు.

పసుపువన్నె పూతకు ఇంత ప్రాధాన్యము కలుగుటకు కారణము నాటి వెలుగు. ప్రదర్శనము రాత్రి, ఆముదపు దివిటీల వెలుగున జరిగెడిది. పాత్ర ప్రవేశించునప్పుడు దివిటీపై గుగ్గిలపు పొడి చల్లినచో మంట భగ్గుమని లేచి ముఖము ఒక్కసారిగా ప్రకాశించెడిది. ఆ వెలుగు ఎరుపు పసుపులు కలిసినది, నిలుకడ లేనిది. అట్టి వెలుగున సహజమగు చామనచాయ చీకటిలో కలిసిపోవును. అర్దళము పూసిన ముఖము బంగారువలె మెరయును. దూరమున కూర్చున్న ప్రేక్షకునికి కన్నులు, కనుబొమలు, పెదవులు తెలియుటకు కాటుకయు ఇంగిలీకమును తోడ్పడెను. కాబట్టి ఆ పూతను మోటుదనమని త్రోసివేయరాదు. అది వెలుగును, దూరమును లెక్కించి చేసిన పని.

ఈ మాటకు ఉదాహరణము పగటివేషములు. రాత్రి దివిటీ క్రింద చెల్లిన పూత పట్టపగలు వాకిట నిలిచిన గృహిణి కంటికి చెల్లదు. కూచిపూడివారు ప్రసిద్ధికి తెచ్చిన అర్ధనారీశ్వర వేషమున నటుడు ముఖమును నిట్టనిలువుగా రెండు భాగములు చేసి ఒక ప్రక్క శివునిగా, మరొక ప్రక్క పార్వతిగా దిద్దుకొని, అడ్డుగా పట్టిన వస్త్రమును మార్చుచు ఒక్కొక్క ప్రక్కనే చూపును. రెండు పాత్రలు ఒకే ముఖమున, ఎండవెలుగున, చేతికందునంత దూరమున నిలువవలెను. ముఖరచనకు ఇంతకన్న కఠినమగు పరీక్ష వేరొకటి యుండునని మాకు తోచదు.

ఈ సంప్రదాయమునకు ఒక చేదుపార్శ్వము కూడ కలదు. అరిదళము పాషాణగంధక సంయోగము. పాషాణమనగా రసాయనశాస్త్రమున ఆర్సెనిక్. ఇంగిలీకము పాదరసగంధక సంయోగము. పూర్వపు సఫేదా సీసపు లవణము. రాత్రియంతయు చెమటతో తడియుచు పాడియాడిన నటుడు ఈ మూడింటిని తన చర్మముపై మోసెను. కళాసేవయని మనము కొనియాడునప్పుడు ఆ దేహము చెల్లించిన మూల్యమును కూడ లెక్కకు తేవలసియున్నది.

ఆధునిక రంగస్థలము, వృత్తియొక్క అవతరణము

1880లో కందుకూరి వీరేశలింగం పంతులు (1848–1919) రాజమహేంద్రవరమున తమ విద్యార్థులచేత వ్యవహారధర్మబోధినిని ప్రదర్శింపజేసిరి. ఆ కాలముననే ధార్వాడ నాటకసమాజమువారు ఆ పట్టణమునకు వచ్చి ప్రదర్శనములిచ్చిరి. తెరలు, తీర్చిన రంగస్థలము, పౌరాణికపాత్రలకు మెరుగుబట్టలు గల ఆ పద్ధతి మనవారి నాకర్షించెను. అటుపిమ్మట చిలకమర్తి లక్ష్మీనరసింహం పంతులు (1867–1946) నాటకములు ఆ పట్టణముననే వెలసెను. తరువాత ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రియైన టంగుటూరి ప్రకాశం పంతులు యౌవనమున ఈ నాటకములయందు పురుషవేషములను, స్త్రీవేషములను కూడ ధరించిరి.

పురుషుడు స్త్రీవేషము ధరించుట ముఖరచనను శిల్పస్థాయికి తెచ్చిన ముఖ్యకారణము. గడ్డము గీసిన చోట చర్మము నీలపుచాయగా నుండును. దానిపై నేరుగా లేతరంగు పూసినచో బూడిదవన్నె కలుగును. అందుచేత ముందుగా ఎర్రని పూతను పలుచగా పట్టించి ఆ నీలమును అణచి, పిదప పైరంగు వేయవలెను. దవడ యంచున కొంచెము ముదురుచాయ వేసినచో దాని వెడల్పు తగ్గినట్లు తోచును. చెక్కిలి మీద లేతచాయ వేసినచో అది ఎత్తుగా తోచును. ఎత్తును వెలుగుతోను, పల్లమును నీడతోను సృష్టించు ఈ ఉపాయము చిత్రకారునిది. గోదావరి జిల్లాలవాడు కాకున్నను, సత్యభామ, చిత్రాంగి, మధురవాణి పాత్రలచే ఆంధ్రదేశమంతట కీర్తి గడించి 1956లో పద్మశ్రీ పొందిన స్థానం నరసింహారావు (1902–1971) ఆహార్యమునందు మిక్కిలి శ్రద్ధ వహించిన నటుడు. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బున రేలంగి వెంకటరామయ్య స్త్రీవేషములతోనే రంగప్రవేశము చేసిరి. కొంతకాలమునకు పెద్దాపురమునకు చెందిన అంజలీదేవి అదే సంస్థలో నటించిరి. స్త్రీపాత్రలను స్త్రీలే ధరించుట మేలైన మార్పు. అయితే దానితో పురుషముఖమును స్త్రీముఖముగా మార్చు నేర్పునకు పని తగ్గినది. వ్రాతలో నిలువని విద్య కావున అది చేతులతోనే అంతరించుచు వచ్చినది.

ఆహార్యమును ప్రత్యేకవృత్తిగా స్థిరపరచినవి 'కాంట్రాక్టు' నాటకములు. కడియమున జన్మించిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి, యండగండిన జన్మించిన దివాకర్ల తిరుపతిశాస్త్రి, అనగా తిరుపతి వేంకటకవులు, రచించిన పాండవనాటకములు వీనికి ప్రాణము. పేరుపొందిన నటులను వేరువేరు ఊళ్ళనుండి పిలిపించి, ఒకే శ్రీకృష్ణ పాత్రను ఘట్టముల వారీగా ఇద్దరు ముగ్గురిచేత ధరింపజేయుట ఆచారమయ్యెను. పడకటింటి ఘట్టమున ఒక కృష్ణుడు, రాయబారమున మరొక కృష్ణుడు. ఒకరు సన్నము, ఒకరు స్థూలకాయము. ఒకరిది కోలముఖము, ఒకరిది గుండ్రని ముఖము. అయినను ప్రేక్షకుడు ఇరువురిని కృష్ణునిగనే గ్రహింపవలెను. కిరీటము, నీలవర్ణము, తిలకము, కన్నులకు తీర్చిన కాటుకరేఖ ఒక నియతరూపమును పొందినప్పుడే ఇది సాధ్యము. నటులు వేరైనను పాత్ర ఒక్కటేయని నిలిపిన చేయి ఆహార్యశిల్పిది.

ఈ నటులు ఒక సమాజమునకు కట్టుబడినవారు కారు. కావున దుస్తులు, కిరీటములు, భుజకీర్తులు, టోపా జుట్టులు, రంగులు అద్దెకిచ్చు దుకాణములు ఏర్పడెను. ట్రంకుపెట్టెలతో దుకాణపు మనిషి నాటకమాడు ఊరికి వచ్చి, ప్రొద్దు గ్రుంకినది మొదలు వరుసగా అందరి ముఖములు దిద్ది, తెల్లవారిన పిదప సామగ్రిని లెక్కచూచుకొని మరలిపోవును. తీర్థములు, శివరాత్రి, శ్రీరామనవమి, దసరా దినములలో అతనికి తెరపిలేని పని. వానకాలమున పని లేదు. కరపత్రమున నటుల పేరులు పెద్దయక్షరములతో నుండును. ఇతనిది దుకాణపు పేరులో అణగిపోవును. ప్రారంభమున మేము వేసిన ప్రశ్నకు సమాధానమిందే కలదు. నటుడే శిల్పిగా నున్నంతకాలము శిల్పమునకు వేరు పేరు అక్కరలేకపోయెను. వేరు మనిషి వచ్చునప్పటికి అతడు కళాకారుడుగా గాక సరఫరాదారుడుగా లెక్కింపబడెను.

చలనచిత్రమున క్రొత్త వెలుగు

1936లో నిడమర్తి సూరయ్య రాజమహేంద్రవరమున దుర్గా సినీటోన్ స్టూడియోను నెలకొల్పిరి. ఆంధ్రదేశమున తొలి స్టూడియో అదియే. అయినను పరిశ్రమ మదరాసున వేళ్ళూనుటచే గోదావరీ తీరపు నటులు, శిల్పులు అచ్చటికే పోవలసివచ్చెను.

చలనచిత్రము ముఖరచనకు మరల వెలుగుపాఠమునే నేర్పినది. మూకచిత్రకాలపు ఫిల్ము ఎరుపును గ్రహింపజాలకుండెను. అందుచే ఎర్రని పెదవి తెరపై నల్లగా కనుపించెడిది. కంటికి కనుపించు రంగు వేరు, యంత్రము చూచు రంగు వేరు. జర్మనీలో లుడ్విగ్ లైక్నర్ అను గాయకనటుడు 1873లో స్థాపించిన సంస్థ తయారుచేసిన నూనెరంగు కడ్డీలు నాటకశాలకు చాలెను గాని కెమెరాకు చాలలేదు. అన్ని వర్ణములను గ్రహింపగల ఫిల్ము వాడుకకు వచ్చిన పిమ్మట 1928లో మాక్స్ ఫాక్టర్ అమెరికాలో దానికి తగిన రంగులను సిద్ధపరచెను. నలుపు తెలుపుల చిత్రమున నీలము నీలముగా తోచదు. ధూసరచ్ఛాయగా మాత్రమే తోచును. 1957 నాటి మాయాబజార్ చిత్రమున నందమూరి తారకరామారావు శ్రీకృష్ణునిగా, కాకినాడ రంగస్థలమున తేరిన ఎస్.వి. రంగారావు ఘటోత్కచునిగా కనుపించిరి. ముఖరచన పీతాంబరం, భక్తవత్సలములది. శ్రీకృష్ణుని ప్రసన్నతయు, ఘటోత్కచుని రౌద్రము వెనుకనున్న ఆర్ద్రతయు రంగులు లేని తెరపై చాయాభేదమాత్రముచే తెలియుచున్నవి.

చలనచిత్రమున ఈ శిల్పికి పేరు కూడ దక్కెను. మొగల్తూరు వాస్తవ్యుడగు నటుడు కృష్ణంరాజు (1940–2022) వద్ద ముఖరచన చేసిన జయకృష్ణ 1978లో మనవూరి పాండవులు చిత్రమునకు నిర్మాతలలో ఒకరైరి. మేకప్ పనితో చిత్రరంగమున ప్రవేశించిన ఏ.ఎం. రత్నం నిర్మాతగా ఎదిగి, 1996లో భారతీయుడు చిత్రమును తీసిరి. అందు కమల్ హాసన్‌ను వృద్ధునిగా మార్చుటకు అమెరికా శిల్పియగు మైకేల్ వెస్ట్‌మోర్ తోడ్పడెను. ఆ యేటనే ఆ నటునికి ఆ శిల్పియే స్త్రీరూపము తీర్చిన చిత్రము తెలుగున భామనే సత్యభామనే అను పేర వెలువడెను. మన రంగస్థలము మరచిన స్త్రీవేషవిద్య క్రొత్త పరికరములతో మరల మనముందు నిలుచుట గమనింపదగినది. జాతీయ చలనచిత్ర పురస్కారములలో ముఖరచనకు 2006వ సంవత్సరపు చిత్రములనుండి స్థానము కలిగినది. 2018 నాటి 'అ!' అను తెలుగు చిత్రమునకు రంజిత్ ఆ పురస్కారమును పొందిరి.

స్త్రీలకు మూసిన తలుపు

1885లో కడప మండలపు సురభి గ్రామమున కీచకవధతో ఆరంభమైన సురభి సమాజములు కుటుంబ సమాజములు. అందు స్త్రీలు నటించిరి. కుటుంబములోని పనులన్నిటివలెనే ఆహార్యమును కూడ ఇంటివారే చూచుకొనిరి. ఇట్టి సంప్రదాయము గల దేశమున బొంబాయి చలనచిత్ర పరిశ్రమయందలి సంఘము స్త్రీలకు కేశాలంకరణమును మాత్రము విడిచి, ముఖరచనకు సభ్యత్వము నిరాకరించుట వింతగా తోచును. దశాబ్దముల తరబడి సాగిన ఆ నిషేధమును చారు ఖురానా వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2014 నవంబరు 10న రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది. అనాదిగా పెండ్లికూతునకు కల్యాణతిలకము, బుగ్గచుక్క, పారాణి దిద్దిన చేతులు స్త్రీలవే. పని కూలి గలదియైనప్పుడు మాత్రమే ఆ చేతులు అనర్హములైనవి. ఈ విషయము మన వృత్తిచరిత్రకారులు ప్రత్యేకముగా పరిశీలింపదగినది.

నేటి సాధకునికి

నేడు గోదావరీ మండలమున ఈ వృత్తికి ఆధారములు నాటకము, చలనచిత్రము, దూరదర్శన ప్రసారములు, వివాహములు. వీనిలో వివాహములే నిలుకడయైన జీవనోపాధి. వానివలన స్త్రీలు అధికముగా ఈ వృత్తిలో ప్రవేశించుచున్నారు. అయితే పెండ్లికూతురి ముఖము ఆమెదే. రంగస్థలమున ముఖము పాత్రది. ఈ భేదమును గ్రహింపనిచో ద్రౌపదియు పెండ్లికూతురివలెనే కనుపించును.

సాధకుడు మొదట పాత్రను చదువవలెను. వయస్సు, దేశము, కాలము, వృత్తి, దుఃఖము ముఖమున ఎచ్చట గుర్తు వేయునో తెలియవలెను. పొలమున ఎండకాగిన రైతు ముడుతలు, నీడపట్టున కూర్చున్న కరణము ముడుతలు ఒక్కటి కావు. రెండవది వెలుగు. దివిటీకి, విద్యుద్దీపమునకు, కెమెరాకు, ఎండకు పూత వేరువేరుగా నుండవలెను. మూడవది చర్మము. క్రొత్త రంగును మోచేతి లోపలివైపున కొంచెము పూసి, దురద, మంట లేవని తెలిసిన పిమ్మటనే ముఖమునకు పట్టింపవలెను. ఒకరికి వాడిన కుంచెను శుభ్రపరచక మరొకరికి వాడరాదు. సౌందర్యసాధనములయందు సీసపు, పాషాణపు రంగులను నియమావళి నిషేధించియున్నది. పాతపెట్టెలోని పొడిని సంప్రదాయమను పేర నేటి నటుని ముఖమునకు పూయుట క్షమింపరానిది.

నాలుగవది న్యాయబుద్ధి. భరతుడు ఆంధ్రులకు అసితవర్ణము చెప్పెనని పైన వ్రాసితిమి. విద్యుద్దీపములు వచ్చినప్పటినుండి మన రంగస్థలమున నాయికానాయకులకు గులాబిచాయ తప్పనిసరియై, నలుపు రాక్షసులకును సేవకులకును మిగిలినది. నల్లని వనితయగు ద్రౌపదికి కృష్ణ యను పేరే కలదు. మన నాటకములయందు ఆమెయు తెల్లబడినది. ఇది శాస్త్రమునకును లోకమునకును విరుద్ధము. అట్లే కాళ్ళకూరి నారాయణరావు (1871–1927) రచించిన చింతామణియందలి సుబ్బిశెట్టి పాత్రను ప్రదర్శకులు తరతరములుగా వేషమునను మాటలయందును వికృతపరచిరి. ఒక సామాజికవర్గము తమకు అవమానమని ఎలుగెత్తెను. 2022 జనవరిలో ప్రభుత్వము ఆ నాటకప్రదర్శనమును నిషేధించెను. నిషేధముయొక్క మంచిచెడ్డల మాట అట్లుండగా, ముఖమున పూసిన రంగు ఒక జనసమూహమునంతటిని నొప్పింపగలదని సాధకుడు ఎరుగవలెను. వ్యాఖ్యానము తప్పినచో మూలకర్తయే నిందపాలగును.

పరిశోధకులకు మనవి

నాటకసాహిత్యముపై మన విశ్వవిద్యాలయములలో సిద్ధాంతగ్రంథములు అనేకములు వెలువడినవి. ఆహార్యముపై పరిశ్రమ స్వల్పము. పరిశోధక విద్యార్థులు గ్రామములలోని వృద్ధశిల్పులను సమీపించి, వారి పదజాలమును, ద్రవ్యములను, వానిని కలుపు పాళ్ళను, ఒక్కొక్క పాత్రకు దిద్దు క్రమమును వ్రాసికొనవలెను. అర్దళము వంటి మాట నిఘంటువున ఒక ఖనిజముగా మాత్రమే మిగిలియున్నది. దానిని రాతిపై ఎంతసేపు నూరవలెనో, ఎంత తడి యుండవలెనో ఏ నిఘంటువును చెప్పదు. కరపత్రములు, అద్దెచీట్లు, దుకాణపు లెక్కలపుస్తకములు కూడ ఆధారములే. ఒక కృష్ణవేషమునకు ఎంత కూలి, ఎంతసేపు పని, రాత్రికి ఎన్ని ముఖములు అను లెక్కలు తెలిసినప్పుడే ఈ వృత్తియొక్క నిజస్వరూపము బోధపడును.

ఈ విద్యకు గ్రంథము నిలుకడయైన స్థానము కాదు. ఇది చేతిలో ఉండును, చేతితోనే పోవును. తెల్లవారగనే కొబ్బరినూనెతో తుడిచివేయబడు ఈ శిల్పమునకు తామ్రపత్రములును శిలాశాసనములును లేవు. శిల్పులు జీవించియుండగనే వారి మాటలను వారి పేరులతో వ్రాసియుంచుట తెలుగు శాఖల కర్తవ్యమని మా అభిప్రాయము.